నీళ్లు పోసేటందుకు వచ్చిన పిల్ల

పోయిన వారం చిట్యాల దగ్గర నేను రిటైరైన హైస్కూలు నుంచి ఫోను వచ్చింది. మంచి తెలివి ఉండీ చదవడం, రాయడం పట్టుబడని పిల్లల గురించి టీచర్లకూ తల్లిదండ్రులకూ చెప్పడానికి ఒక సభ పెట్టారట. పాత తెలుగు పండితుణ్ణి గనక నన్నూ రమ్మన్నారు. శాలువా కప్పుతారేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని నల్లగొండలో బస్సెక్కాను. శాలువా కప్పలేదు. ఒక కాగితం చేతికిచ్చి, అందరికీ వినబడేటట్టు చదవమన్నారు. తెలుగే. కాని ‘మ’ ఉండాల్సిన చోట ‘వ’ ఉంది, ఒత్తులు ఊడి పక్క అక్షరానికి అతుక్కున్నాయి, గుడులూ కొమ్ములూ తారుమారయ్యాయి. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, మొదటి వాక్యానికే చెమట పట్టింది. “ఏంది సారూ, అద్దాలు ఇంట్ల మర్సిపోయినవా?” అని వెనక నుంచి ఒక తల్లి అంది. అందరూ నవ్వారు. సభ నడిపిస్తున్న సైన్సు టీచరమ్మ స్కేలుతో బల్ల మీద టకటక కొడుతూ, “జల్ది చదవాలె సార్, అందరు చూస్తున్నరు” అంది. అట్లా స్కేలుతో బల్ల కొట్టడం ఒకప్పుడు నా అలవాటు. చివరికి నా చేతిలోని కాగితం తీసుకుంటూ ఆమె మెల్లగా అంది: “మీకిది ఒక్క నిమిషం సార్. కొందరు పిల్లలకు రోజంత గిట్లనే ఉంటది.” ఆమె నాతో కలిసి పనిచేసిన మనిషి. ఎవరిని తలచుకుని ఆ మాట అందో నాకు తెలుసు. ఆ పేరు ఎత్తి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఎత్తలేదు.

మా చెల్లెలి బిడ్డ గురించే ఆమె అన్నది. మాది గొర్ల మందలున్న కుటుంబం. వానలు మొండికేసిన ఏడు మా వాళ్లు మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా పోయేవాళ్లు. అట్లా పోయిన చోటే, ఆత్మకూర్ దిక్కున, చెల్లెలికి సంబంధం కుదిరింది. బావ కూడా మంద వెంబడి నెలల తరబడి ఊళ్లు తిరిగేవాడు. తెలంగాణ వచ్చిన ఏడే పిల్లను ఆరో తరగతికి తెచ్చి నా దగ్గర వదిలారు. “అన్నా, దీనికి నోరెక్కువ, రాత తక్కువ. నీ చెయ్యి వడితె బాగువడ్తది” అంది చెల్లెలు. ఆ మాటకు నేను పొంగిపోయాను. నా చేతి మీద నాకు అంత నమ్మకం. ఊళ్లో పెళ్లి కార్డు అచ్చుకు పోవాలన్నా, కిరాణా కొట్టు బోర్డు రాయించాలన్నా ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. మా ఆవిడకు మాత్రం నా దస్తూరి మీద పెద్ద గౌరవం లేదు. “అక్షరం గుండ్రంగ ఉంటె సాలు, మనిషి ఎట్లున్నా ఈ సారుకు ఫికర్ లేదు” అనేది.

పిల్ల ఒకసారి విన్న పాఠాన్ని మరిచిపోయేది కాదు. సాయంత్రం వంటింట్లో అత్త పక్కన కూర్చుని, పొద్దున నేను చెప్పిన పాఠం మొత్తం అప్పజెప్పేది. మధ్యలో నేను ఎక్కడెక్కడ గొంతు సవరించుకున్నానో అక్కడ అచ్చం నాలాగే సవరించుకునేది. మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వేది, నేను ముందుగదిలో పేపరు చాటున మూతి బిగించుకుని కూర్చునేవాణ్ణి. అదే పాఠంలోంచి నాలుగు వాక్యాలు డిక్టేషను చెప్తే ఒక్క మాట కుదురుగా పడేది కాదు. “మామా, అక్షరాలు నిలవడ్తలేవు. దొడ్డిల గొర్లు తిరిగినట్టు తిరుగుతున్నయి” అంది ఒకసారి. ఇంత చక్కగా చెప్పగలిగిన పిల్లకు రాయడం రాదంటే నాకు నమ్మకం కలగలేదు. అదే నా పొరపాటు. నోరు లేని పిల్ల అయితే జాలిపడేవాణ్ణేమో. ఈమెది పొగరు అనుకున్నాను. “నువ్వు ధ్యాస పెడ్తలేవు, అవి ఏడికీ తిరుగుతలేవు” అని తప్పు పోయిన ప్రతి మాటనూ పేజీ నిండా రాయించాను. వాడకట్టు పిల్లలంతా బయట ఆడుకునే వేళ ఆమె అరుగు మీద ఒంటరిగా రాస్తూ ఉండేది. బడిలో పిల్లలను చదివే తీరును బట్టి వరుసలుగా కూర్చోబెట్టేవాళ్లం. సొంత మేనకోడలిని ఆఖరి వరుసలో కూర్చోబెట్టి, పక్షపాతం లేని సారునని పేరు తెచ్చుకున్నాను. ఆ వరుసలో ఆమెతో ఎవరూ జత కలిసేవాళ్లు కాదు. సారు మేనకోడలని ఆఖరి వరుస వాళ్లకు భయం, ఆఖరి వరుసదని ముందు వరుస వాళ్లకు చిన్నచూపు.

పిల్ల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మా ఇంటి వెనక ఉండే ఇద్దరు అన్నదమ్ములు బోర్ల దగ్గర కొట్లాడుకుని మాటలు మానేశారు. తమ్ముడు కొత్త బోరు వేయించాడు, అన్న బోరు ఎండిపోయింది. నీళ్లు దొంగిలించాడని అన్న, కండ్లమంట అని తమ్ముడు. పిల్ల గోడ మీద నుంచి ఆ కొట్లాటంతా విన్నది. మర్నాడు మా ఆవిడ బట్టలుతికే ప్లాస్టిక్ టబ్బు మాయమైంది. దాని నిండా ఇసుక పోసి, నీళ్లు పట్టించి, డాక్టరు దగ్గర అడుక్కొచ్చిన రెండు సెలైను గొట్టాలు గుచ్చి, చివర్లకు సిరంజీలు తగిలించింది. ఒకటి లోతుకు, ఒకటి పైకి. లోతు గొట్టం నుంచి గుంజుతుంటే పైగొట్టంలో ఉత్త గాలి వచ్చేది. “దొంగతనం కాదు మామా. ఇద్దరిదీ ఒక్కటే కుండ. ఒగలు లోతుకు ముంచుతున్నరు, గంతే” అంది.

సైన్సు టీచరమ్మ దాన్ని చూసి ఎగిరి గంతేసినంత పనిచేసి, వైజ్ఞానిక ప్రదర్శనకు పెడదామంది. ప్రదర్శనకు చార్టు రాయాలి. వచ్చినవాళ్లకు చార్టు చదివి చెప్పాలి. పిల్లలను తయారు చేసే బాధ్యత నాది. ముందు వరుసలో ముత్యాల్లాంటి దస్తూరి ఉన్న అమ్మాయి పేరు రాయించాను. చార్టు ఆమె రాయాలి, మాట్లాడటమూ ఆమే. నా మేనకోడలు పక్కన నిలబడి టబ్బులో నీళ్లు పోయాలి. అప్పుడిది అన్యాయమని నాకు తోచలేదు. బడి పేరు నిలబెడుతున్నాననే అనుకున్నాను.

నల్లగొండలో ప్రదర్శన రోజు జడ్జిగా వచ్చిన పెద్దమనిషి చార్టు చూసి మెచ్చుకుని, “మరి వానకాలంల రెండు బోర్లూ నిండితే కొట్లాట తీరినట్టేనా?” అని అడిగాడు. చార్టులో లేని ప్రశ్న. రాసిన అమ్మాయి బిక్కమొహం వేసింది. చెంబు పట్టుకుని నిలబడ్డ మా పిల్ల నోరు తెరిచింది. “తీరదు సార్. వాన పైనుంచి మెల్లగ దిగుతది, మోటరు జల్ది గుంజుతది. ఇద్దరు కలిసి ఇన్ని గంటలే నడుపుదామనుకుంటె తీరుతది” అంది. ఆయన ఆమె వైపు తిరిగి, “ఇది ఎవరు చేసినరమ్మా?” అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను నవ్వుతూ, “ఆ పిల్ల నీళ్లు పోసేటందుకు వచ్చింది సార్” అన్నాను. ఆమె చెంబును బల్ల కింద పెట్టింది. మళ్లీ మా ఇంట్లో వంటింటి పాఠాలు వినబడలేదు. నా గొంతు సవరింపునూ ఎవరూ అనుకరించలేదు.

పదో తరగతిలో టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఇట్లాంటి పిల్లలను దవాఖానలో చూపించి సర్టిఫికెట్ తెస్తే, వాళ్లు నోటితో చెప్తుంటే పరీక్ష ఇంకొకరు రాయొచ్చని చెప్పింది. “నా కోడలికి కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి మేడమ్. తెలుగు సారు ఇంటి పిల్ల పరీక్ష ఇంకొగలు రాస్తె, నేను ఊళ్లె తలెత్తుకొని తిరగాల్నా?” అన్నాను. ఫలితాలు వచ్చాయి. మిగతావన్నీ ఎట్లాగో గట్టెక్కాయి, తెలుగు పోయింది. బావ వచ్చి తీసుకుపోయాడు. “పోయొస్త అత్తా” అని మా ఆవిడకు చెప్పింది. నాకు ఏమీ చెప్పలేదు. మరుసటేడు కరోనా వచ్చి పదో తరగతి పిల్లలందరినీ పరీక్ష లేకుండానే పాస్ చేశారు. ఆ వార్త చదివిన రోజు మా ఆవిడ నాకు అన్నం వడ్డించి పెరట్లోకి పోయింది. ఇసుక టబ్బులో ఆమె అప్పటికే పుదీన వేసింది.

ఇప్పుడు మా ఆవిడ మనవరాలిని చూసుకుంటూ హైదరాబాదులో మా బిడ్డ దగ్గర ఉంటోంది. నల్లగొండలో కిరాయి పోర్షనులో నేనొక్కణ్ణే. సభ నుంచి వచ్చాక ఆ గదిలో కూర్చుని, చెల్లెలి దగ్గర నంబరు తీసుకుని, మేనకోడలికి ఫోనులో పెద్ద సందేశం రాశాను. నల్లగొండలో అన్న మాట, సర్టిఫికెట్ వద్దన్న మాట, ఏదీ దాచలేదు. ఓపెన్ స్కూలులో ఇప్పటికైనా పదో తరగతి రాయొచ్చు, టీచరమ్మ అన్నీ చూసుకుంటానంది, ఈసారి సర్టిఫికెట్‌కు నేనే వెంట వస్తానని రాశాను. ఎక్కడా అక్షర దోషం లేకుండా రెండుసార్లు దిద్ది మరీ పంపాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. కోపం తగ్గలేదు, తగ్గకపోవడమే న్యాయం అనుకున్నాను.

నిన్న ఆమె గొంతుతోనే సందేశం వచ్చింది. వెనక గొర్ల అరుపులు. “మామా, మంచిగున్నవా? శానా రాసినవ్. సదువుదామని రెండు పూటలు కూసున్న, సగం కాడ తప్పిపోయిన. ఎవలతోనన్న సదివించుకుందామంటె ఇంటి ముచ్చటేమో అని ఊకున్న. నోటితోని చెప్పరాదు?”

సభలో చెమటలు పట్టి వచ్చినవాణ్ణి, ఆ పిల్లకే అంత రాత పంపాను. మైకు గుర్తు నొక్కి పట్టుకున్నాను. గొంతు సవరించుకుని వేలు తీసేశాను, ఆ సవరింపు ఒక్కటే పోయింది. కాసేపటికి ఆమె నుంచి జవాబు. ముందు అచ్చం నాలాగే గొంతు సవరింపు, తర్వాత చిన్న నవ్వు, తర్వాత, “ఊఁ, చెప్పు మామా. వింటున్న.”

మళ్లీ నొక్కి పట్టుకున్నాను. తెర మీద సెకన్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఆమె నా ఇంట్లో ఉన్న ఏళ్లు గడిచేటప్పుడు ఇట్లా కంటికి కనబడలేదు.