పచ్చీసుల నేను పెట్టిన రూలు

కొత్త అల్లుడు అత్తగారి వాకిట్ల కూచోని, ఇరుగుపొరుగు చూస్తుంటే చేపల పొలుసు గీకుడు మీరెన్నడన్న చూసిన్రా? ఆ అల్లున్ని నేనే. ఆ గతి నాకు ఇంకొకలు పట్టియ్యలేదు, కష్టపడి నేనే తెచ్చుకున్న.

ఎనభైలల్ల ముచ్చట. సిరొంచ తహసీలు ఆఫీసుల బాబుగ, అంటే గుమాస్తాగ, కొత్తగ చేరిన. రూలు అన్న మాట వింటేనే నా ఛాతీ ఉబ్బేది. పెండ్లయిన మొదటి వానకాలం అత్తగారి ఊరు అంకిసకు పోయిన. పోయినంక వాగు పొంగి బస్సు బందైంది. పొద్దు పోక మామ గవ్వలతోని ఆడే పచ్చీసు బట్ట పరిచిండు. మామ, నా భార్య సుగుణ ఒక జోడి. నేను, మామ తల్లి ఇంకో జోడి. ఆమెను ఇంట్ల అందరు అవ్వ అనేటోళ్లు. వాగుల పడ్డ చేపలు గంపెడున్నయి. ఓడిన జోడి అవి కడగాలెనని మామ నవ్వుకుంట అన్నడు.

అవ్వ గవ్వలు చేతుల పట్టుకొనే కునుకు తీసేది. లేపితే నా కాయను తనదనుకొని ఎనకకు జరిపేది. అవతల మామ కాయలు వరుసగ పండుతున్నయి. నాకు చేపల గంపే కండ్ల ముంగట తిరిగింది. గొంతు సవరించుకొని, మా ఆఫీసు పెద్ద సాయెబు లెక్క ఒక సలహా చెప్పిన. జోడి ఎప్పుడూ ఒక్కటే ఉంటే ఆట సప్పగుంటదని, తన వంతు వచ్చినప్పుడు ఎవరైనా ఇష్టమున్న దిక్కు చేరొచ్చని రూలు పెడుదామన్న. మామ గడ్డం గోక్కుండు. తాతల కాడికెల్లి గిట్లనే ఆడుతున్నమన్నడు. కని కొత్త అల్లుని మాట తీసేసుడెట్ల? ఒప్పుకుండు.

నా వంతు రాంగనే అవ్వను ఇడిసి మామ దిక్కు చేరిన. అవ్వ కండ్లు పూర్తిగ తెరిచింది. సుగుణ నన్ను ఎగాదిగా చూసి అవ్వ దిక్కు పోయింది. ఇగ చూడున్రి, అవ్వ గవ్వలు ఇసిరితే పచ్చీసు మీద పచ్చీసు, ఇరువై ఐదు మీద ఇరువై ఐదు పడుడే. గాలివానకు మామిడికాయలు రాలినట్టు నా కాయలన్ని చచ్చినయి.

మామ వంతు వచ్చింది. గవ్వలు అరచేతుల ఆడించుకుంట అన్నడు.

"నేను గూడ మా అమ్మ దిక్కే పోతున్న అల్లుడా."

"జోడి అంటే ఇద్దరే గద మామా?"

"నువ్వు పెట్టిన రూలుల ఆ ముచ్చట లేకుండె."

ఆఫీసుల మందికి రూలు చెప్పేటోన్ని, దాంట్ల ఏనుగు దూరేంత సందు ఇడిసిపెట్టిన. ముగ్గురొక దిక్కు, నేనొక్కన్ని ఒక దిక్కు. ఆట ఎట్ల ముగిసిందో మీరే అనుకోన్రి.

అల్లునితోని ఈ పనేందని అత్త అడ్డమొచ్చింది గని, అవ్వ ఇననే లేదు. వాకిట్ల పీట ఏసి గంప నా ముంగట పెట్టింది. పొలుసు నా మీసాలకు, ఆఖరికి చెవుల్లకు పోయింది. పక్కింటోళ్లు పిల్లలను ఎత్తుకొని మరీ చూపించిన్రు. సుగుణ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వాపుకుంటుంది. ఇంతల అవ్వే కత్తి తెచ్చుకొని నా పక్కన కూచున్నది.

"ఓడినోన్ని ఇడిసిపెట్టి పోతమా బిడ్డా," అన్నది.

ఆ పూట చేపల పులుసుల పెద్ద ముక్క నా పళ్లెంలనే పడ్డది. అంత రుచి మల్ల నేనెక్కడ తినలేదు.

ఇప్పటికీ అంకిసల పచ్చీసు ఆడేటోళ్లు, నడుమ జోడిని ఇడిసినోన్ని చూసి "వీడు అల్లుడైండు" అంటరు. అందుకే, ఈ జన్మల ఎవ్వల ఆటకూ రూలు చెప్పనని గోదారి నీళ్లు ముట్టి ఒట్టేసిన. ఒట్టు తప్పితే శిక్షేందన్నది మాత్రం చెప్ప. చెప్తే అదొక రూలు అయితది.