గోడ కంతలో జర్మనీ

మొన్న సాయంత్రం పప్పుకు పోపు పెడుతుండగా హాల్లో టీవీలోంచి ‘జర్మనీ’ అన్న మాట చెవిన పడింది. అంతే, గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తాను, అక్కడ పోపు మాడిపోయింది. యాభై దాటిన మనిషివి, ఎక్కడో ఐరోపాలో ఎవరో బంతి తంతే నీకెందుకమ్మా ఇంత హైరానా అని కోడలు నవ్వింది. దానికేం తెలుసు. బెర్లిన్ గోడ కూలి, వాళ్లు ప్రపంచ కప్పు గెలిచి, రెండు జర్మనీలు ఒకటైన ఆ ఏడాది కాలం నిజామాబాద్‌లోని మా బీడీల గల్లీలో ఎంత సంబురంగా గడిచిందో నా ఈడు వాళ్లకు చెబితేనే అర్థమవుతుంది.

అప్పటికి నేను పదో తరగతి పాసై ఇంట్లోనే ఉన్నాను. బాపు, అంటే మా నాన్న, బోధన్ దిక్కు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నబాపు, పసుపు మార్కెట్‌లో కాంటా వేసేవాడు. ఒకే వాకిలికి చెరో పక్క ఇద్దరి ఇళ్లు. అక్క పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగే వేళ చిన్నబాపును పిలవడం ఎవరో మరిచారు. ఆయన అన్నం ముట్టకుండా లేచిపోయాడు, మాటకు మాట పెరిగింది, నెల తిరిగేసరికి వాకిలి నడుమ మట్టితో పేర్చిన ఇటుక గోడ మనిషెత్తు లేచింది. ఇద్దరినీ కన్న మా అవ్వ మా వైపు ఉండిపోయింది. చిన్నకొడుకింటికి పోవాలంటే ఇక వీధి గుమ్మం దాటి గల్లీ చుట్టూ తిరగాలి. “నా కొడుకింటికి నేను గల్లీ తిరిగి సుట్టం లెక్క పోవాల్నా? పోతె వాకిట్లకెల్లి పోత, లేకుంటె లేదు” అని కూర్చుంది. మొండిదంటే మొండిది. అటువైపు చిన్నమ్మకు కొడుకు పుడితే వాడి ఏడుపు వినడమే తప్ప ఒళ్లో వేసుకున్నది లేదు. పైకి అనేది కాదు గానీ, ఆ పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది.

మా గల్లీ ఆడవాళ్లంతా పగటిపూట అన్నాలు తిని మా వాకిట్లో చేరి, తునికాకు, తంబాకు ఉన్న చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేవారు. చదువు వచ్చిన పిల్లనని పేపరు చదివే పని నాకు పెట్టారు. చదివే మనిషి చేతులు ఊరికే ఉంటాయి గనుక విన్నవాళ్లు తలా కొన్ని బీడీలు నా చాటలో వేసేవారు. వాటిని చదువు బీడీలు అనేవాళ్లం. విని వేయకుండా లేచిపోతే గల్లీలో మాట పడాల్సిందే. బాపు బోధన్ బస్సులో తెచ్చిన పేపరు మరునాడు నా చేతికి వచ్చేది కాబట్టి మా ప్రపంచం ఒక రోజు వెనక నడిచేది, దానివల్ల మాకు కలిగిన లోటు కూడా ఏమీ లేదు.

చలికాలం మొదలైన రోజుల్లో ఒకనాడు ఆ వార్త వచ్చింది. జనం గోడెక్కి కూర్చున్నారు, ఏళ్ల తరబడి చూసుకోని వాళ్లు కావలించుకుని ఏడుస్తున్నారు అని నేను గొంతెత్తి చదువుతుంటే చాటల మీద చేతులు ఆగిపోయాయి. ఆ గోడ ఎవరు కట్టారని అవ్వ అడిగింది. పెద్దలు కొట్లాడుకుని కట్టారు, జనమంతా ఒక్క తల్లి పిల్లలే అనుకో అన్నాను. అవ్వ కాసేపు ఆకు కత్తిరించి, “మరి ఆ తల్లి ఏ దిక్కున్నదే?” అంది. జవాబు కోసం నేను పేపరు తిరగేశాను. అప్పుడు గోడ అవతలి నుంచి దారం చుట్టిన చిన్న బీడీల కట్ట ఒకటి ఎగిరొచ్చి నా చాట పక్కన పడింది. చిన్నమ్మ గోడకు ఆనుకుని మా చదువంతా వింటోందన్నమాట. విన్నందుకు కట్టుబాటు ప్రకారం చదువు బీడీలు పంపింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అవ్వ ఆ కట్టను తీసి కళ్లకద్దుకుంది.

అక్కడి జనం సుత్తెలతో గోడను కొట్టి పెళ్లలు ఇళ్లకు తీసుకుపోతున్నారని చదివిన మరునాడే అవ్వ కొడవలి మొనతో మట్టి గీకి ఒక ఇటుక ఊడదీసింది. బాపు చూసి ఇదేమిటన్నాడు. “ఇసిరితె బీడీలు ఇరుగుతున్నయిరా, గంతే” అంది. తల్లిని ఏమనగలడు. అటు నుంచి చిన్నబాపు కంతలో గోనెసంచి కుక్కాడు, ఆయన మార్కెట్‌కు పోగానే చిన్నమ్మ దాన్ని పీకేసేది, సాయంత్రం మళ్లీ కుక్కేది. అవ్వ మాత్రం తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో ఇటుక తీసి, తీసినవాటితో కోళ్ల గూడు కట్టడం మొదలుపెట్టింది. జర్మనీలో ఓట్లు జరిగే నాటికి కంత చాట పట్టేంత అయింది. అక్కడ రెండు దిక్కులా ఒకటే పైస చెల్లే నాటికి చిన్నమ్మ కొడుకు ఆ కంతలోంచి చెయ్యి పెట్టి అవ్వ వేలు పట్టుకుని గుంజేవాడు. ఆ దేశం గురించి ఏ చిన్న వార్త వచ్చినా అవ్వకు ముందు అదే చదవాలి. మా గల్లీలో జర్మనీ అంటే అవ్వ పుట్టిల్లు అని ఎగతాళి చేసేవారు.

ఇక ఎండాకాలం పోయి ఫుట్‌బాల్ వచ్చింది. గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది చిన్నబాపు ఇంట్లోనే. యాంటెనా తిప్పుతూ, వచ్చిందా పోయిందా అని అరుచుకున్న రోజులు మీరూ ఎరుగుదురు. ఒకనాడు జర్మనీ ఆట రాత్రి అన్నాల వేళకే పడింది. అవ్వ గోనెసంచి పీకేసి, పీట వేసుకుని కంత ముందు కూర్చుంది. అక్కడి నుంచి కనబడేది టీవీ వీపు మాత్రమే. చిన్నబాపు ఒకసారి కంత వైపు చూశాడు, లేచి టీవీని బల్లతో సహా వసారాలోకి జరిపి, దాని మొహం మా వైపు తిప్పాడు. మేమంతా అవ్వ భుజాల మీదుగా, చంకల కిందుగా తలలు దూర్చాం. బాపు మాత్రం వెనక మంచం మీద గోడకు వీపు పెట్టి కూర్చుని, ఆట తనకు పట్టనట్టు గోళ్లు చూసుకుంటున్నాడు. జర్మనీకి పెనాల్టీ వచ్చింది. కరెంటు పోతుందేమోనని మా ప్రాణాలు పోతున్నాయి. బాపు ఎప్పుడు లేచాడో, నన్ను పక్కకు నెట్టి కంతలో తల దూర్చాడు. బంతి వలలో పడ్డది. “కొట్టిండు” అని బాపు అరిచాడు. “సూసినవానే అన్నా” అని అటు నుంచి చిన్నబాపు అరిచాడు. అంతే, ఇద్దరికీ ఒక్కసారి తెలివొచ్చి నోళ్లు మూసుకున్నారు. అక్క పెళ్లి తర్వాత వాళ్ల మధ్య నడిచిన మొదటి మాట అది. ఆ మరునాటి నుంచి కంతలో గోనెసంచి కనబడలేదు.

జర్మనీ కప్పు గెలిచింది. ఆ గోడ ఉన్నచోటే పెద్ద పాటల కచేరీ జరిగిందని చదివితే, వాళ్లకూ బతుకమ్మ ఉన్నదన్నమాట అని అవ్వ తేల్చేసింది. మా బతుకమ్మలూ అయ్యాయి, దసరా వచ్చింది. మా దిక్కు దసరా నాడు చిన్నవాళ్లు జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, పెద్దవాళ్లు వాళ్లను కావలించుకుని అలాయి బలాయి తీసుకుంటారు. పొద్దు వాలే వేళ కంతలోంచి జమ్మి ఆకు పట్టుకున్న చెయ్యి ఒకటి ఇటు వచ్చింది. “అన్నా, బంగారం” అంది గొంతు. బాపు ఆకు తీసుకున్నాడు. తీసుకున్నాక అలాయి బలాయి తీసుకోకపోతే పండుగ కాదు. కంతలోంచి భుజం దూర్చి చూశాడు, పట్టలేదు. “జర ఎనక్కి జరుగురా” అని గడ్డపార తెచ్చాడు. “నువ్వటు పొడువు, నేనిటు గుంజుత” అన్నాడు చిన్నబాపు. చాటలు పక్కకు జరిపాం, దుమ్ము లేచింది, గల్లీ మొత్తం గుమ్మంలో నిలబడింది. ఆ దుమ్ములోనే అన్నదమ్ములు కావలించుకున్నారు. అవ్వ వాళ్ల కోసం ఆగలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టి, ఇటుకల మీదుగా వాకిట్లోంచి నేరుగా నడిచిపోయి, చిన్నమ్మ చంకలోని పిల్లవాణ్ని లాక్కుని ఒళ్లో వేసుకుంది. ఇప్పటికీ తలుచుకుంటే నా గుండె నిండిపోతుంది.

కొద్ది రోజులకే రెండు జర్మనీలు ఒకటయ్యాయన్న వార్త చదివాను. అవ్వ తాపీగా దారం కొరికి, “మనకన్న ఎనక పడ్డరు” అంది. ఆ రోజు నా చాటలో పడ్డన్ని చదువు బీడీలు మళ్లీ ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు. అవ్వ, బాపు, చిన్నబాపు ఎవరూ లేరు. ఒక సగంలో నా తమ్ముడు, ఇంకో సగంలో అవ్వ వేలు పట్టుకున్న ఆ పిల్లవాడు డాబాలు కట్టుకున్నారు. నడుమ కాంపౌండ్ గోడ ఉంది. వాళ్లకు తగాదా ఏమీ లేదు, పండుగలకు ఫోన్లలో జమ్మి ఆకు బొమ్మలు కూడా పంపుకుంటారు. కోపంతో కట్టిన గోడకు ఒక్క దసరా చాలింది, ఏ కోపమూ లేకుండా లేచిన దీన్ని ఏమని పడగొట్టమనాలో నాకు తెలియదు.

మొన్నటి ఆట ఉత్సాహంలో, మరునాడు పొద్దున్నే తమ్ముడింటికి పోయాను. గోడ దగ్గర నిలబడి అవతలి వాణ్ని పేరు పెట్టి పిలిచాను, రాత్రి జర్మనీ ఆట చూసినవారా అని అడుగుదామని. ఏసీ రొదలో వాడికి వినబడలేదు. గోడ తడిమి చూశాను, సిమెంటుది, వేలు దూరే సందు లేదు. ఇక చేసేది లేక బయటికి వచ్చి, గల్లీ చుట్టూ తిరిగి, వాడి గేటు ముందు బెల్లు నొక్కి సుట్టం లెక్క నిలబడ్డాను.