ఆ కుర్చీలో నేను కూర్చున్న ఆదివారం

ఆ ఫిబ్రవరిలో మా ఇంట్లో టీవీ పొద్దున్నించీ మోగుతూనే ఉండేది. దిగిపోయిన అమెరికా ప్రెసిడెంట్ మీద సెనేట్‌లో విచారణ. మా అమ్మాయికి కాలేజీ క్లాసులన్నీ ఇంట్లోంచే కాబట్టి, సోఫాలో నా పక్కన కూచుని చూసేది. దానికి నేరం సంగతికన్నా కుర్చీ సంగతి ఎక్కువ పట్టింది. పదవిలో ఉన్న ప్రెసిడెంట్‌ని విచారిస్తే సుప్రీంకోర్టు పెద్ద జడ్జి వచ్చి కూర్చోవాలట. ఈయన దిగిపోయాడు కాబట్టి జడ్జిగారు రాలేదు. సెనేట్‌లోనే అందరికన్నా సీనియర్ ఒకాయన్ని కూర్చోబెట్టారు.

"అమ్మా, జనం సెనేట్ బిల్డింగ్ మీద పడి గొడవ చేసిన రోజు ఆయన కూడా ఆ బిల్డింగ్‌లోనే ఉన్నాడు. రేపు ఓటు కూడా వేస్తాడు. సాక్షీ ఆయనే, జడ్జీ ఆయనే అంటే ఎలా?" అంది.

"ఎవరో ఒకరు కూర్చోవాలి కదే," అన్నాను. అన్నానే గానీ, ఆ ఆదివారం నేనూ అలాంటి కుర్చీలోనే కూర్చోబోతున్నాను.

మేముండే క్యారీ ఊళ్ళో మాదో చిన్న తెలుగు సంఘం. నలభై ఇళ్ళు, నాలుగు వందల తగాదాలు. అంతకు ముందు కార్తీకమాసంలో పార్కులో వనభోజనాలు పెట్టారు. వాన పట్టుకుంది. అప్పటి మా ప్రెసిడెంట్‌గారు రద్దు చెయ్యకుండా అందర్నీ పక్కనున్న క్లబ్‌హౌస్ లోపలికి తోలుకెళ్ళారు. కిటికీలు మూసేశారు. పది రోజుల్లో ఏడుగురికి కోవిడ్ వచ్చింది. ఒకావిడ పోయింది. ఆవిడకీ నాకూ చుట్టరికం లేదు గానీ పదిహేనేళ్ళుగా ఒకర్నొకరం వదినా వదినా అనుకున్నవాళ్ళం. ప్రెసిడెంట్‌గారు జనవరిలో దిగిపోయారు. అయినా ఊరుకోలేదు జనం. ఈ చావు ఆయన నిర్లక్ష్యం వల్లే జరిగిందని సంఘం రికార్డు అయిన మినిట్స్‌లో రాయాలి, ఇక ఏ పదవీ ఇవ్వకూడదు అని తీర్మానం పెట్టారు.

మరి విచారణలో అధ్యక్షస్థానం ఎవరిది? కొత్త ప్రెసిడెంట్ ఆయన మీద పోటీ చేసినవాడు. వైస్ ప్రెసిడెంటేమో ఆయన తోడల్లుడు. తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చారు. "మీరైతే ఎవరి పక్షమూ కాదండీ, పోయినావిడకి ప్రాణస్నేహితురాలు, మిమ్మల్ని ఎవరు వేలెత్తి చూపుతారు?" అన్నారు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఏమిటో నాకా రోజు తెలిసింది.

వనభోజనాల రోజు పులిహోర చేసింది నేను. దేవుడికి నైవేద్యం పెట్టేది ఎవరైనా రుచి చూస్తారా? ఎంగిలైపోదూ? నా చెయ్యి ఏనాడూ తప్పదు కాబట్టి అందాజుగా ఉప్పేసి కలిపాను. హారతయ్యాక చిటికెడు నోట్లో వేసుకుంటే ఏమీ లేదు. పులుపు లేదు, కారం లేదు, తడికాగితం నమిలినట్టుంది. ఉప్పు మర్చిపోయానేమోనని వదినని మూలకి పిలిచి, చేతిలో ముద్ద పెట్టాను. మాస్కు దించి తింది. "సరిపోయింది వదినా," అంది.

సరిపోయిందంటే తప్పు నా నాలుకదే. నోటికి రుచి పోతే కోవిడ్ అయి ఉండొచ్చని టీవీల్లో నెలల తరబడి చెబుతూనే ఉన్నారు, నాకర్థం కాకపోవడమేమిటి? ఆ క్షణమే కారెక్కి ఇంటికి పోవాలి. పోలేదు. పోతే అందరికీ తెలుస్తుంది, ఫలానా ఆవిడ జబ్బు మోసుకొచ్చిందంటారు. సిగ్గు. అంతే, ఇంకో కారణం లేదు. గంటసేపు ఒక్కొక్కరి పళ్ళెం దగ్గరా వంగి వడ్డించాను. తరవాత అందరితోపాటే నాకూ వచ్చిందని చెప్పాను, అందరూ నమ్మారు.

జబ్బు తగ్గాక కూడా నా ముక్కు తిరిగి పనిచెయ్యలేదు. కాఫీ వాసన లేదు, అగరొత్తి వాసన లేదు. ఒక్కటి మాత్రం ఎక్కణ్ణించో వచ్చేది, మాడిపోతున్న ఇంగువ పోపు. పరిగెత్తుకెళ్ళి చూస్తే స్టవ్ మీద ఏమీ ఉండేది కాదు. "నాకేం రావట్లేదమ్మా," అనేది మా అమ్మాయి. వచ్చినప్పుడల్లా నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టుండేది. తిరిగి చూడడానికి భయమేసేది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జూమ్ మీటింగ్. బయట సన్నగా వాన. అధ్యక్షురాల్ని కాబట్టి ఒక్కొక్కర్నీ లోపలికి రానివ్వాల్సింది నేనే. పాత ప్రెసిడెంట్‌గారు ముందే వచ్చి కూచున్నారు. మనిషి సగమైపోయారు. నేను నోరు విప్పకపోతే ఆ చావు ఆయన నెత్తిన రాసేస్తారు. ఆయన బతికున్నన్నాళ్ళూ మొయ్యాలి. తప్పు ఆయనదీ ఉంది, కాదనను. మొత్తం ఆయనది కాదు.

అందరూ వచ్చారనుకుని మొదలుపెట్టబోతుంటే తెర పైన ఒక చీటీ లేచింది. ఎవరో బయట ఎదురుచూస్తున్నారు. పేరు చూశాను. వదిన పేరు.

ఇల్లంతా ఇంగువ మాడు వాసన కొట్టింది. వేలు మౌస్ మీదే ఉంది. రానివ్వనా, వద్దా? నలభై మొహాలు నన్నే చూస్తున్నాయి. నొక్కాను. నల్లటి గడిలో ఆవిడ ఫోటో వచ్చింది, ఆకుపచ్చ పట్టుచీర, పక్కకి వాలిన నవ్వు.

"నేనేనమ్మా," అంది వాళ్ళాయన గొంతు. అన్నయ్య అంటాను నేనాయన్ని. "నా ఫోన్ పాడైంది. తన టాబ్లెట్‌లోంచి వచ్చాను. కెమెరా పెట్టడం తెలీదు."

హమ్మయ్య అనుకోలేకపోయాను. ఆయన మాట్లాడినప్పుడల్లా ఆవిడ ఫోటో చుట్టూ పచ్చగీత వెలుగుతోంది.

"తీర్మానం మీద మీరేమైనా చెబుతారా అన్నయ్యా?" అన్నాను.

"తీర్మానం సంగతి నాకొద్దమ్మా. నిన్నో మాట అడగాలి. ఆ రోజు పులిహోర నోట్లో పెట్టుకోలేకపోయాం, అంత ఉప్పు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని సరిపోయిందని చెప్పానంది తను కార్లో. 'వదిన చెయ్యి ఏనాడూ తప్పదు, ఒంట్లో బాగోలేదేమో, ఇంటికెళ్ళాక ఫోన్ చేసి కనుక్కోండి' అంది. నేను మర్చిపోయాను. తరవాత తననే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఇప్పుడడుగుతున్నాను. ఆ రోజు నీకు ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

పచ్చగీత ఆరలేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"బాగోలేదన్నయ్యా," అన్నాను. "నాలుకకి ఏదీ తెలీలేదు. వదిన సరిపోయిందన్నప్పుడే నాకర్థమైంది. అర్థమయ్యాకే అందరికీ వడ్డించాను. ఈ కుర్చీలో నేను కూర్చోకూడదు. మినిట్స్‌లో రాస్తే ముందు నా పేరు రాయండి."

పాత ప్రెసిడెంట్‌గారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. తీర్మానం ఓటుకి పెట్టమని ఎవరూ అడగలేదు. పెట్టడానికి కుర్చీలో ఎవరూ లేరు.

వదిన ఫోటో చుట్టూ మళ్ళీ పచ్చగా వెలిగింది.

"అడగమంది, అడిగాను," అన్నాడాయన. ఆ గడి తెరమీంచి వెళ్ళిపోయింది.