కతర్‌గామ్ సంతలో గోంగూర

కరోనా కాలంలో సూరత్‌లో ఒక్క తెలుగు మనిషీ తారసపడలేదని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. అది నిజం కాదు.

కతర్‌గామ్ ఆదివారం సంతలో ఒకామె గోంగూర అమ్ముతోంది. పులుపు చూద్దామని మాస్కు కిందికి లాగి, ఒక ఆకు తుంచి నమిలాను.

“గిట్ల నమిలి చూసేటోళ్లు మనోళ్లే! అన్నా, మనది ఏ ఊరు?” అని నవ్వుతూ లేచి దగ్గరికొచ్చింది. “లాక్‌డౌన్ల మా గల్లీ అంతా ఊరికి పోయింది. తెలుగుల మాట్లాడక నెలలాయె. జర నిలబడన్నా.”

నాకూ గదిలో మాట్లాడే మనిషి లేడు. అయినా రోగం అంటుకుంటుందన్న భయంతో మాస్కు పైకి లాక్కుని, నాకు తెలుగు రాదని హిందీలో చెప్పాను.

ఆమె కాసేపు నా కళ్లలోకి చూసింది. వెనక్కి వెళ్లి కూర్చుని, గోంగూరలో పెద్ద కట్టే ఏరి తీసి, నా సంచీ కోసం చెయ్యి చాపింది.

“థైలా దీజియే, సాబ్” అంది.