చేపల పులుసు మీద మజ్జిగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేపలకీ పెరుగుకీ అస్సలు పడేది కాదు. రెండూ ఒకే పూట ఒకే కడుపులోకి వెళితే ఒంటి మీద తెల్లమచ్చలు వస్తాయని మా మామ్మ చెప్పేది. అది నమ్మకం అనడం కూడా తక్కువే. రేపు పొద్దున తెల్లారుతుందన్నంత ధీమాగా చెప్పేది. మాది కలిదిండి దగ్గర ఊరు. కొల్లేరు పక్కనే కాబట్టి చేపలకు కొదవ లేదు. ఇంట్లో రెండు గేదెలుండేవి కాబట్టి పెరుగుకూ కొదవ లేదు. ఈ రెంటినీ కలవనివ్వకుండా చూడడమే మా మామ్మకి పెద్ద ఉద్యోగం. చేపలు వండిన రోజు పెరుగు గిన్నెని ఉట్టి మీదకి ఎక్కించి, కింద పీట వేసుకుని కూర్చునేది.

ఆ మాటకి సాక్ష్యం కూడా మా ఊళ్ళోనే ఉంది. మా బళ్ళో టీచరు గారు. ఆవిడది తాడేపల్లిగూడెం, క్రైస్తవుల కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. కాలువ గట్టున ఒక పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఆవిడకి చేతుల మీద, మెడ మీద, ఒక కంటి చుట్టూ తెల్లమచ్చలు ఉండేవి. గూడెంలో ఉన్నప్పుడు చూసుకోకుండా చేపలూ పెరుగూ కలిపి తినేసి ఉంటారు పాపం అని మా మామ్మ తేల్చేసింది. ఆవిడని అడిగి తెలుసుకోలేదు. అడగాలని ఊళ్ళో ఇంకెవరికీ తోచలేదు కూడా.

అలాగని మా మామ్మకి ఆవిడంటే చిన్నచూపేమీ లేదు. పిల్లలకి నాలుగు అక్షరం ముక్కలు నేర్పుతున్నారని ప్రతి ఆదివారం క్యారేజీ గిన్నెలో చేపల పులుసు పెట్టి పంపేది. మోసుకెళ్ళేది నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. టీచరు గారు గిన్నె అందుకుని, పెరట్లో చెట్టున బాగా ముగ్గిన జామకాయలు మూడో నాలుగో కోసి నా గౌను జేబులో వేసేవారు. నేను "థ్యాంక్సండీ" అని బుద్ధిగా చెప్పి, వంతెన మీదకి రాగానే అటూ ఇటూ చూసి కాయలన్నీ కాలువలో పడేసేదాన్ని. ఆ చేత్తో కోసిన కాయ తింటే మనకీ మచ్చలు అంటుకుంటాయని మా స్నేహితురాలు చెప్పింది. దానికి ఎవరు చెప్పారో నేనూ అడగలేదు.

ఒక ఎండాకాలం ఆదివారం మా ఇంట్లో కొర్రమీను పులుసు వండారు. ఆ రోజు కారం దగ్గర మా అమ్మ చెయ్యి జారింది. నాలుగు ముద్దలు తినేసరికి నా నోరు భగ్గుమంది. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. మామ్మ దొడ్లో ఉంది. గుడ్డిగా చెయ్యి చాపి గుమ్మం దగ్గరున్న చెంబు ఎత్తేశాను. అది పొలం వెళుతున్న మా నాన్న కోసం అమ్మ చేసి పెట్టిన మజ్జిగ.

మొదటి గుక్కలో నాకేమీ తెలియలేదు. రెండో గుక్కలో మజ్జిగని తెలిసింది. మూడో గుక్కా నాలుగో గుక్కా తెలిసే తాగాను. ఈ వయసులో అబద్ధమెందుకు, చల్లగా చాలా బాగుంది.

చెంబు దించాక అసలు భయం మొదలైంది. అద్దం దగ్గరికి పరిగెత్తాను. ముఖం మీద ఏమీ లేదు గానీ ఎడమ మోచేతి మీద బొట్టుబిళ్ళంత తెల్లమచ్చ కనబడింది. అంత తొందరగా వస్తుందనుకోలేదు. ఏడుస్తూ తడిచేత్తో రుద్దితే పోయింది. గోడ సున్నం. అయినా ధైర్యం రాలేదు. ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది కదా. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చోరనిపించింది. పెద్దయ్యాక నేనూ ఏ కాలువ గట్టునో ఒక్కదాన్నే ఉంటాను, ప్రతి ఆదివారం ఏదో ఒక పిల్ల నాకు పులుసు తెస్తుంది, నేనిచ్చిన కాయలు తీసుకెళ్ళి కాలువలో పడేస్తుంది అనిపించింది. ఆ చివరిది తలుచుకుంటే మాత్రం మరీ ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే మామ్మ కేకేసి నా చేతిలో క్యారేజీ గిన్నె పెట్టింది.

నేను వెళ్ళేసరికి టీచరు గారు వసారాలో పేము కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. రోజూ ఒక పూట అలా కూర్చునేవారు. ఊళ్ళో పెద్దలు ప్రార్థన చేసుకుంటున్నారనేవాళ్ళు. మేం పిల్లలం మాత్రం ఆవిడ కూర్చునే నిద్రపోగలరని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ రోజు నేను ఆవిడ లేచేదాకా ఆగలేకపోయాను.

"టీచర్ గారండీ, మీకు మొదట ఎక్కడొచ్చిందండీ?"

ఆవిడ కళ్ళు తెరిచారు. "ఏంటమ్మా?"

"మచ్చండీ."

ఆ ప్రశ్న ఆవిడని ఊళ్ళో ఎవరూ అడిగి ఉండరు. నా ముఖం కేసి కాసేపు చూసి, "మోచేతి మీదమ్మా" అన్నారు.

మోచెయ్యి అనగానే గిన్నె కింద పెట్టేసి బావురుమన్నాను. వెక్కుతూనే జరిగిందంతా చెప్పేశాను. నాలుగో గుక్క సంగతి కూడా దాచలేదు. ఆవిడ నవ్వలేదు. భయం లేదని బుజ్జగించనూ లేదు. ఇప్పుడు ఎక్కడ వస్తున్నట్టుందని అడిగారు. మోచేతి దగ్గర దురద పెడుతోందని చెప్పాను. అయితే చాప మీద కూర్చోమన్నారు. కళ్ళు మూసుకుని, గోక్కోకుండా, కదలకుండా ఆ దురదనే చూస్తూ ఉండమన్నారు. అది మచ్చగా మారగానే తనకి చెప్పమన్నారు. బళ్ళో లెక్క ఇచ్చినట్టే ఇచ్చారు. నేనూ లెక్క చేస్తున్నట్టే కూర్చున్నాను.

మోచేతి దగ్గర దురదని పట్టుకుందామని చూశాను. చూడగా చూడగా అది లేదు. మెడ మీదకి వెళ్ళింది. మెడ దగ్గర చూస్తే అక్కడా లేదు, అరికాల్లో ఉంది. అరికాలి దాకా వెళ్ళేసరికి ముక్కు మీదకి వచ్చింది. ఒళ్ళంతా తిరుగుతోంది గానీ ఒక్క చోటా నిలబడి మచ్చ కావడం లేదు. కాసేపటికి నాకు భయం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది.

"లోపల ఎవరైనా మాట్లాడుతున్నారా?" అని మెల్లగా అడిగారు టీచరు గారు.

"మాట్లాడుతున్నారండీ."

"ఏమంటున్నారు?"

"చేపా పెరుగూ కలిస్తే మచ్చలొస్తాయి, చెబితే వినవు కదా అంటున్నారండీ."

"అది ఎవరి గొంతమ్మా?"

విని చూశాను. "మా మామ్మదండీ."

"మరి నీ గొంతు ఏమంటోంది?"

దాన్ని వెతకడానికి కొంచెంసేపు పట్టింది. "మజ్జిగ బాగుందంటోందండీ" అన్నాను.

ఆవిడ ఇంకాసేపు అలాగే కూర్చోమన్నారు. కూర్చున్నాను. కాలువలో నీళ్ళ చప్పుడు, చెట్టు మీద ఉడత చప్పుడు ఒక్కొక్కటే వినబడ్డాయి. మామ్మ గొంతు ఇంకా ఉంది గానీ పక్కింట్లోంచి వస్తున్నంత దూరంగా ఉంది. ఇంతలో క్యారేజీ మూత తీసిన చప్పుడైంది. తరవాత పిల్లి కూత. నేను ఒక కన్ను తెరిచాను.

వెనక గుమ్మం దగ్గర టీచరు గారు గొంతుక్కూర్చుని, మా మామ్మ పంపిన ముక్కల్ని ఒక్కొక్కటీ మట్టిమూకుడులో వేస్తున్నారు. ఎదురుగా ఒక బూడిదరంగు పిల్లి. దాని ఒళ్ళు చూస్తేనే తెలుస్తోంది, అది ఈ ఆదివారం కొత్తగా వచ్చింది కాదు.

"అది కొర్రమీనండీ!" అని అరిచాను.

పరీక్షలో చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లలా ఉలిక్కిపడ్డారావిడ. చేతిలో ముక్క మూకుడులో పడిపోయింది. పిల్లి ఇటు చూడను కూడా చూడలేదు. టీచరు గారు చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కనే చాప మీద కూర్చున్నారు. తనకి అయిదేళ్ళప్పుడు గొంతులో చేపముల్లు గుచ్చుకుందట. ఆ రోజు నుంచి చేప నోట పెట్టలేదట. పెరుగు మాత్రం రోజూ తింటారట. మచ్చలు ముప్ఫయ్యో ఏట వచ్చాయట. ఈ ఊరు వచ్చిన మొదటి ఆదివారం మా మామ్మ పులుసు పంపితే, వద్దంటే పెద్దావిడ ఏమనుకుంటారోనని తీసుకుని, మర్నాడు కనబడినప్పుడు చాలా బాగుందండీ అన్నారట. ఆ ఒక్క మాటకి ఎనిమిదేళ్ళుగా పులుసు వస్తూనే ఉంది, పిల్లి తింటూనే ఉంది.

చేపే తినని మనిషికి చేపల వల్ల మచ్చలెలా వస్తాయి? మరి ఎందుకొచ్చాయండీ అని అడిగాను.

"తెలియదమ్మా. ఏలూరులో పెద్ద డాక్టరు గారికి చూపిస్తే ఆయనా ఇందుకని గట్టిగా చెప్పలేకపోయారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవని మాత్రం గట్టిగానే చెప్పారు."

అంటుకోవన్న మాట దగ్గర నేను తల దించుకున్నాను. ఆవిడ చిన్నగా నవ్వి, వంతెన కింద కాలువ ఎటు పారుతుందో ఎప్పుడైనా చూశావా అని అడిగారు. నేను లేచి వెనక గుమ్మం కేసి చూశాను. వంతెన ఎగువన ఉంది. నీళ్ళు తిన్నగా ఆవిడ మెట్ల దగ్గరికే వస్తున్నాయి.

"ముగ్గిన జామకాయ తేలుతుందమ్మా. నాలుగిస్తే నాలుగూ తిరిగొచ్చేవి" అన్నారు.

అప్పుడు నేను పడ్డ సిగ్గు ఇప్పుడు చెప్పినా ముఖం వేడెక్కుతుంది. ఆవిడ తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. నేను చేపలు పిల్లికి పెట్టాను, నువ్వు కాయలు కాలువకి పెట్టావు, ఇద్దరం ఒకటే అన్నారు. లేచి వెళ్ళి ఒక కాయ కోసి ఇచ్చారు. తీసుకున్నాను గానీ చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు. ఆవిడ తినమని బలవంతపెట్టలేదు. ఆగింది కదా, ఎవరు ఆపారో చూడు అన్నారు. కళ్ళు మూసుకుని చూశాను. మా స్నేహితురాలు ఆపింది. అది ఎక్కాల్లో ఏడో ఎక్కం దాటలేదు, బల్లిని చూసినా కేకలు పెడుతుంది. దాని మాట మీద నేను ఇన్ని జామకాయలు వదులుకున్నానా అనిపించింది. కొరికాను. తేనెలా ఉంది. ఆ పూట మూడు కాయలు తిన్నాను.

వెళ్ళబోతూ, మీరు కూడా మా మామ్మకి నిజం చెప్పాలండీ అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. నేను మచ్చకి భయపడినదానికంటే ఆవిడ మా మామ్మకి ఎక్కువ భయపడ్డారు. అయినా మరుసటి ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా మా ఇంటికి వచ్చి, చీర కొంగు నలుపుకుంటూ అంతా చెప్పేశారు. మా మామ్మ ముందు నొచ్చుకుంది. "ఎనిమిదేళ్ళూ పిల్లికాండీ?" అంది. తరవాత చాలాసేపు ఆలోచించింది. తన మాట తప్పని ఒప్పుకుంటుందేమోనని నేను ఊపిరి బిగపట్టి చూస్తున్నాను. ఉన్నట్టుండి మామ్మ ముఖం వెలిగిపోయింది.

"చూశారా టీచరమ్మ గారూ! చేపలు తినకపోవడం వల్లే వచ్చుంటాయండీ!"

మా నాన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని దొడ్లోకి పారిపోయాడు. టీచరు గారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగదు. ఆ రోజు నుంచి ఆవిడకి క్యారేజీలో దోసకాయ పప్పు వెళ్ళేది. మచ్చలు రాకుండా మా ఇంట్లో పిల్లలకి ఒక చేపముక్క ఎక్కువ పడేది. పెరుగు గిన్నె మాత్రం ఉట్టి దిగలేదు.

టీచరు గారికి బదిలీ అయ్యేదాకా బడి విడిచాక రోజూ ఆ వసారాలో పది నిమిషాలు కూర్చునేదాన్ని. దానికి ఆవిడ ధ్యానమని గానీ ఇంకోటని గానీ పేరు పెట్టలేదు. వచ్చావా, కూర్చో అనేవారంతే. ఇప్పుడు మా కోడలు ఫోన్లో గంట మోగించుకుని కూర్చుంటుంది. నేను గంట లేకుండానే కూర్చోవడం చూసి, మీరు ఏ గురువు గారి దగ్గర నేర్చుకున్నారత్తయ్యా అని అడిగింది. తెల్లమచ్చల టీచరు గారు, ఒక పిల్లి అని చెబితే నమ్మలేదు.

అలా కూర్చున్నంత మాత్రాన నమ్మకాలు పోతాయని నేను చెప్పను. నాకు పోలేదు. కొత్తవి కూడా వచ్చి చేరాయి. వచ్చినప్పుడు అది ఎవరి గొంతో వినడం ఒక్కటే అలవాటైంది. మొన్నామధ్య ఏలూరులో మా మేడ మీది వాటా అద్దెకి కావాలని ఒకావిడ వచ్చింది. దెందులూరులో ఏదో ఆఫీసులో ఉద్యోగం, నలభై ఏళ్ళుంటాయి, ఒక్కతే ఉంటుందట. ఆ మాట వినగానే నా లోపల ఎవరో, ఒంటరి ఆడదానికి ఇల్లిస్తే రేపు ఎన్ని మాటలొస్తాయో అన్నారు. లేదమ్మా, ఎవరికో మాటిచ్చేశాం అనబోయి ఆగాను. ఒక్క నిమిషం అని చెప్పి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. విన్నాను. మా మామ్మ గొంతు కాదు, నాదీ కాదు. ఎంతో తెలిసిన గొంతు, వెనక వీణో వయొలినో కూడా వినబడుతోంది. చివరికి పట్టుకున్నాను. రోజూ సాయంత్రం టీవీ సీరియల్లో వచ్చే అత్తగారిది.

కళ్ళు మూసుకునే పకపకా నవ్వేశాను. తెరిచి చూస్తే ఆవిడ పాలిపోయిన ముఖంతో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది.

"ఏవండీ, బీపీ ఏమైనా ఉందాండీ?" అంది.

"బీపీ కాదమ్మా," అన్నాను గ్లాసు అందుకుంటూ, "సామాను ఎప్పుడు తెచ్చుకుంటావు?"