మేజర్‌కి పది రోజుల హాజరు

ఆ కాలంలో విశాఖపట్నంలో బియ్యస్సీ పాసైన ప్రతివాడికీ ఒక వృత్తి ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఎదురుచూడటం. శంకుస్థాపన రాయి వేసి ఏళ్ళయింది. ఆ రాయి పక్కన ఇంకో రాయి పడిన రోజున అందరికీ ఉద్యోగాలొస్తాయని ఊరంతా నమ్మకం. నేనూ ఆ వృత్తిలో నిష్ఠగానే ఉండేవాణ్ణి. పోర్టులో క్రేను నడిపే మా బావ క్వార్టర్లో, మా అక్క వండింది తింటూ, పోస్టుమాన్ వచ్చే దారి చూస్తూ కాలం గడిపేవాణ్ణి. ఇంత తీరిక గల మనిషిని కళ్ళెదుట చూస్తూ ఊరుకోలేక బావ నాకొక బాధ్యత అప్పజెప్పాడు. దాని పేరు మేజర్. మేజర్ అల్సేషన్ అని బావ అందరికీ చెప్పేవాడు. సగం వరకూ నిజమే. మిగతా సగం జాలారిపేట వీధులది. ఒక చెవి నిటారుగా నిలబడేది, రెండోది పుట్టిల్లు మర్చిపోలేనట్టు వాలిపోయి ఉండేది. దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పుకు రావడం నా డ్యూటీ. (జీతం లేదు గానీ, భోజనం పెట్టేవారు. ఇద్దరికీ.)

ఒకరోజు బావ డ్యూటీకి వెళ్తూ, "ఒరే, దీన్ని పశువులాసుపత్రికి తీసుకెల్లి పిచ్చికుక్క సూది ఏయించు. మర్సిపోకు. కుక్కని పెంచడమంటే అన్నం పెట్టడం ఒకటే కాదు," అన్నాడు. నేను బయల్దేరాను. ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఒక సినిమాహాలు ఉంది. ఇది నా తప్పు కాదు, దాన్ని అక్కడ కట్టినవాళ్ళ తప్పు అని చాలాకాలం అనుకున్నాను. మ్యాట్నీకి టైమైంది. మేజర్‌ని సైకిల్ స్టాండు అతనికి అప్పజెప్పి, సైకిలుకిచ్చినట్టే టోకెను తీసుకుని, లోపలికి వెళ్ళాను. మూడు గంటలు ఎండలో హ్యాండిళ్ళ మధ్య నిలబడిన మేజర్ ఇంటికొచ్చి సొమ్మసిల్లి పడుకుంది. బావ దాని తల నిమిరి, "సూది పోటుకి నీరసపడిపోనాదిరా పాపం," అన్నాడు. నేను అవునన్నాను. ఒక్క మాటే. ఆ ఒక్క మాటకి వడ్డీ ఎలా పెరుగుతుందో నాకప్పుడు తెలీదు.

పాతపట్నంలో మార్కెట్ వెనక సందులో ఒక దర్జీ ఉండేవారు. వయసు అరవై పైన. తెల్ల గడ్డం, ముక్కు చివరన కళ్ళద్దాలు, మెడలో పామల్లే వేలాడే టేపు. ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. ఒక ఓడల ఏజెన్సీలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొస్తే, ప్యాంటు కుట్టించుకోవడానికి ఆ వారంలోనే ఆయన దగ్గరికి వెళ్ళాను. నడుము కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కున్నాను. ఆయన టేపు అలాగే పట్టుకుని, కళ్ళద్దాల మీదుగా నా మొహం చూస్తూ, చాలాసేపు నిలబడ్డారు. చివరికి నేనే ఊపిరి వదిలాను. ఆయన ఏదో రాసుకున్నారు.

రెండు రోజుల తరవాత సాయంత్రం మేజర్‌ని బీచికి తీసుకెళ్ళాను. ఇసుకలో నలుగురు కాలేజీ అమ్మాయిలు కూర్చుని బఠాణీలు తింటున్నారు. గొలుసు పట్టుకుని కుక్క లాగుతుంటే వెనకాల పరిగెత్తే యువకుడికి గౌరవం ఉండదనిపించి, గొలుసు విప్పేశాను. అల్సేషన్ని ఇంగ్లీషులో పిలవాలి గనక "కమ్ మేజర్, సిట్ మేజర్" అన్నాను. మా అక్క దగ్గర పెరిగిన కుక్కకి "రాయే, తొంగోయే" తప్ప ఇంకేమీ తెలీదు. అది నా వైపైనా చూడలేదు. సరిగ్గా అప్పుడే నీళ్ళ అంచు వెంబడి మాస్టారు నడిచొస్తున్నారు. పడమటి ఎండ కంట్లో పడి గొడుగు టప్పున విప్పారు. మేజర్ చెవి (నిలబడేది) ఇంకా నిలబడింది. ఆయన ఆగిపోయి, "బాబూ, కుక్కని పట్టుకో," అన్నారు. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని, అమ్మాయిలకి కూడా వినపడేటట్టు, "భయపడకండి మాస్టారూ, మా కుక్క ఏమీ చెయ్యదు," అన్నాను.

ఆ వాక్యం పూర్తయ్యేసరికి మేజర్ ఆయన ఎడమ పిక్క పట్టుకుని ఉంది.

అమ్మాయిలు లేచిపోయారు. నేను గొలుసు వెయ్యడానికి పడిన పాట్లు చెప్పను. మాస్టారు అరవలేదు. పైజామా పైకి మడిచి, రెండు పళ్ళ గాట్లనీ చూసుకుని, వీధి కుళాయి దగ్గర కూర్చుని సబ్బు తెప్పించుకుని, కడిగి, మళ్ళీ కడిగి, మళ్ళీ కడిగారు. తరవాత పెద్దాసుపత్రికి వెళ్ళాం. (మేజర్‌ని దారిలో క్వార్టర్లో కట్టేసి, కరిచిన సంగతి చెప్పి వచ్చాను. అక్కని చూసి తోక ఊపింది.) డాక్టరుగారు నన్నడిగారు: "కుక్కకి టీకా వేయించారా?" నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఇంకోటి దొరకదు. కానీ నేను చెబితే డాక్టరుగారి నోట్లోంచి బావకి, బావ నోట్లోంచి అక్కకి, అక్క నోట్లోంచి క్వార్టర్లన్నిటికీ వెళ్తుంది. "వేయించామండీ," అన్నాను. "అయితే పది రోజులు కుక్కని కనిపెట్టి ఉండండి. తిండి మానేసినా, చొంగ కార్చినా, తేడాగా ఉన్నా వెంటనే రండి. అప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు తప్పవు," అన్నారాయన. (ఇప్పటి డాక్టర్లు అలా ఆగనివ్వరు. కరిచిన రోజే సూది వేస్తారు. అదే మంచిది.)

బయటికొచ్చాక మాస్టారు నాతో అన్నది ఒకటే. "బాబూ, పది రోజులూ రోజూ సాయంత్రం దాన్ని నా కొట్టు దగ్గరికి తీసుకురా. నా కళ్ళతో చూడాలి. హాజరీ వేస్తాను."

అలా మేజర్‌కి ఉద్యోగం నాకంటే ముందొచ్చింది. రోజూ సాయంత్రం ఐదింటికి, క్వార్టర్ల నుంచి పాతపట్నం దాకా, గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, నడక. మొదటి రోజునే మాస్టారు టేపు తీసి, కొట్టు గుమ్మం నుంచి మూడు గజాలు కొలిచి, రోడ్డు మీద సుద్దతో గీత గీశారు. "ఇది దాటి రాకూడదు. నమాజుకెళ్ళేవాళ్ళ బట్టలున్నాయి లోపల. దాని ఎంగిలి తగిలితే మళ్ళీ అన్నీ ఉతకాలి. తప్పు దానిది కాదు, నాది కాదు," అన్నారు. మూడోవాడి పేరు చెప్పలేదు. తరవాత అద్దాలు సర్దుకుని, మేజర్ కళ్ళు, మూతి, తోక చూసి, గోడ మీద సుద్దతో ఒక గీత గీశారు. రెండో రోజు మేజర్ పక్కనున్న పప్పుల కొట్టు ముందు, ఆ కొట్టాయన అప్పుడే నీళ్ళు చల్లి ఊడ్చుకున్నచోట, ఒక పని చేసింది. నేను ఆకాశంలో గద్దని చూస్తున్నట్టు నిలబడ్డాను. మాస్టారు లోపల్నించి పాత అట్టముక్క ఒకటి విసిరారు. "ఎవరి కుక్కో వాళ్ళ చెయ్యి, బాబూ." మూడో రోజు నుంచి అట్టముక్కా, కాగితం పొట్లంలో బూడిదా నేనే వెంట తెచ్చుకున్నాను. నా డిగ్రీకి తగిన పని ఆ ఊళ్ళో దొరికింది అప్పుడే.

పగలంతా మేజర్‌ని కనిపెట్టడమే నా పని. అది నీళ్ళు తాగితే నాకు దాహం తీరేది. ఆవలిస్తే నా గుండె ఆగేది. నాకు అర్థమైందేమిటంటే, ఆ ముసలాయన ప్రాణం నా నోట్లో ఉంది. ఎన్నోసార్లు చెప్పేద్దామని నోరు తెరిచి, "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది మాస్టారూ," అని మూసుకున్నాను. ఐదో రోజు ఆయన టేపు పోయింది. హాజరు వెయ్యడానికి బయటికొచ్చినప్పుడు మెడలోనే ఉంది, తిరిగి లోపలికెళ్ళి చూసుకుంటే లేదు. ఆయన మిషను కింద వెతికారు, పప్పుల కొట్టాయన్ని అనుమానంగా చూశారు. నేను ఆ సమయంలో ఎదురుగోడ మీద కొత్త సినిమా పోస్టరు చదువుతున్నాను.

ఆరో రోజు పొద్దున అక్క పిలిచింది. "ఒరే, కుక్క అన్నం ముట్టలేదురా. ఏటయినాదో సూడు. సొంగ కారుతంది." నేను నీళ్ళ గిన్నె దాని ముందు పెట్టాను. అది గిన్నె వైపు చూసి, మొహం పక్కకి తిప్పేసుకుంది. "తాడు విప్పకు, దగ్గరికెళ్ళకు, ఎవర్నీ వెళ్ళనియ్యకు," అని అక్కకి చెప్పి, చెప్పుల్లేకుండా పాతపట్నం దాకా పరిగెత్తాను. గొలుసు మాత్రం ఎందుకో చేతిలోనే ఉంది.

మాస్టారు మిషను దగ్గర కూర్చుని నా ప్యాంటే కుడుతున్నారు. పళ్ళ మధ్య గుండుసూది. "మాస్టారూ, లెగండి, ఆసుపత్రికెళ్దాం. కుక్క తినట్లేదు. దానికి టీకా వెయ్యలేదు. నేను అబద్ధం ఆడాను. ఆ రోజు సినిమాకెళ్ళాను," అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. మిషను ఆగింది. ఆయన గుండుసూది నోట్లోంచి తీసి, దిండుకి గుచ్చి, నెమ్మదిగా జుబ్బా అంచు పైకెత్తారు. బొడ్డు చుట్టూ ఉబ్బెత్తుగా, ఎర్రగా, ఆరు మచ్చలున్నాయి.

"మర్నాడు పొద్దున్నే వెళ్ళి మొదలెట్టించుకున్నాను," అన్నారు. "రోజుకొకటి."

"డాక్టరుగారు... టీకా వేశారంటే అక్కర్లేదన్నారు కదా," అన్నాను.

"డాక్టరు నిన్ను అడిగినప్పుడు నువ్వు ఆయన్ని చూడలేదు, నేల చూశావు. నలభై ఏళ్ళ నుంచి మనుషుల్ని కొలుస్తున్నాను బాబూ. ఊపిరి బిగబట్టి నడుము తగ్గించి చూపించేవాణ్ణి నేను గుర్తుపట్టనా? నీ మాట మీద నా ప్రాణం పెట్టి, ఇంట్లో ఆమెకి ఏం చెప్పను?"

"మరి నన్ను రోజూ ఎందుకు రమ్మన్నారు?"

ఆయన జుబ్బా కిందికి దించుకున్నారు. అంచు తగిలిందేమో, మొహం కొంచెం ముడుచుకుంది. "గొలుసు పట్టుకుని నడవడం నేర్చుకుంటావని. ఇంకా... ఎన్నో రోజున చెప్తావో చూద్దామని. ఆరో రోజు. పర్లేదు." గోడ మీద ఐదు గీతల పక్కన ఆరోది గీశారు. "ఇది కుక్కది కాదు. నీది. పద, దాన్ని చూద్దాం."

మేం వెళ్ళేసరికి బావ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, మేజర్‌కి ఆమడ దూరంలో స్టూలేసుకుని కూర్చున్నాడు. "రండి మాస్టారూ. ఇది ఇలా అయిపోనాది. సూది ఏయించినాం గదా, మరి ఏటో..." అంటున్నాడు. ఆ మాటకి మాస్టారు నా వైపు చూడలేదు. అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఇంతలో మేజర్ లేచి, నడుం వంచి, మొత్తం ఒంటినంతా ఒక దీర్ఘమైన ప్రయత్నంలో పెట్టి, ఏదో కక్కింది. పచ్చగా, పొడుగ్గా, చుట్టలు చుట్టుకుని, మీద నల్లటి అంకెలు. ఆ తరవాత లేచి దులుపుకుని, పక్కనున్న గిన్నెలో నీళ్ళన్నీ గటగటా తాగింది. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని, దూరం నుంచే వంగి చదివారు.

"ఇరవై మూడు నుంచి నలభై ఒకటి వరకూ ఉంది," అన్నారు. "మిగతాది?"

"లోపలున్నాదండి," అన్నాడు బావ గంభీరంగా. "రేపటికి వచ్చేద్ది."

నవ్వు వచ్చింది మా అక్కకొక్కదానికే. ఆ నవ్వు అయ్యాక, నేను బావకి కూడా చెప్పేశాను, సైకిల్ స్టాండు టోకెనుతో సహా. తిడతాడనుకున్నాను. "మాస్టారికి మనం ఏటి సెప్పుకుంటాం రా," అని ఒక్క మాట అని, అన్నం తినకుండా పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలిన ఎనిమిది రోజులూ పొద్దున్నే నేనే మాస్టారితో ఆసుపత్రికి వెళ్ళాను. సూది వేసేటప్పుడు ఆయన నా మణికట్టు పట్టుకునేవారు. గట్టిగా. వరండాలో కూర్చున్నప్పుడు బట్టల గురించీ, మనుషుల నడుముల గురించీ చెప్పేవారు. సాయంత్రం హాజరు కూడా మానలేదు. పదో గీత పడిన మర్నాడు బావ సెలవు పెట్టి, నన్నూ మేజర్‌నీ ఇద్దర్నీ పశువులాసుపత్రికి తీసుకెళ్ళాడు. సూది మా ఇద్దరిలో ఎవరికో అక్కడి డాక్టరుకి వివరంగా చెప్పాడు. ఇంటర్వ్యూ ప్యాంటు వేసుకుని చూస్తే నడుము ఒక అంగుళం వదులు. అడిగితే, "ఊపిరి పీల్చుకోడానికి వదిలాను," అన్నారు మాస్టారు. కుట్టుకూలీ ఎంత చెప్పినా తీసుకోలేదు. కొత్త టేపు మాత్రం తీసుకున్నారు.

ఆ ఉద్యోగం రాలేదు. తరవాతెప్పుడో ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, నేనూ ఉక్కునగరంలో క్వార్టరెక్కాను. మాస్టారూ లేరు, మేజరూ లేదు. ఇప్పుడు మా అమ్మాయి పెంచుకునే కుక్కని పొద్దున్నే నేనే తిప్పుతాను. జేబులో దాని టీకాల కార్డు, చేతిలో పాత న్యూస్‌పేపరు. (నన్ను చూసి నవ్వుకునే కుర్రాళ్ళున్నారు. వాళ్ళ కుక్కలు ముందు పరిగెడుతుంటే వెనక నుంచి, "ఏమీ చెయ్యదండీ," అని అరుస్తుంటారు. వాళ్ళని చూస్తే జేబుల్లో చేతులు పెట్టుకున్న ఒకణ్ణి చూసినట్టుంటుంది.) మొన్న ఒక పెద్దాయన, చేతికర్ర పట్టుకుని ఎదురొస్తూ, ఆగిపోయి అడిగారు: "బాబూ, ఏమైనా చేస్తుందా?"

"చేస్తుందండీ," అన్నాను. గొలుసు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని, రోడ్డు దిగి నిలబడ్డాను. మూడు గజాలు ఉంటుందనుకుంటాను.