ఎదురు రమ్మన్న మనిషి

2004 జనవరి 18, ఆదివారం, ఉదయం ఆరు. అనంతపురం నుంచి పెదకాకాని గుడికి వచ్చిన నేను సత్రం గేటు దాటబోతున్నాను. బయట ఓ మిరప రైతు సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆరువందల కిలోమీటర్ల యాత్రకు పేరిచ్చి ఇప్పుడు వెనకాడతావేంట్రా?" అని స్నేహితుడు అతన్ని తిడుతున్నాడు.

బయల్దేరేవాళ్లకు విధవ ఎదురు రాకూడదని నేను పక్కకు తప్పుకున్నాను.

"తప్పుకుంటారేంటి పిన్నిగారూ?" అన్నాడు రైతు. "మా నాన్న పోయాక కూడా మా అమ్మ ఎదురొస్తేనే గడప దాటేవాణ్ణి. పోయిన నెల ఆవిడా పోయింది. వెళ్లాలో మానాలో తేలట్లేదు. మీరు ఎదురు రండి, వెళ్తాను."

ఎదురు నడిచాను. అతను దణ్ణం పెట్టి సైకిలెక్కాడు.

అప్పటికి మావారు పోయి ఇరవై ఒక్క ఏళ్లు. ఎవరికీ ఎదురు పడకూడదని నేను వంటింట్లోనే ఉండిపోయి చూడలేకపోయినవి: మేనకోడళ్ల పెళ్లిళ్లు మూడు, గృహప్రవేశాలు రెండు, నా కొడుకు మొదటి ఉద్యోగానికి బయల్దేరడం ఒకటి.